విప్పడం నేర్చిన మహిపాల్

ఎల్లారెడ్డిలో మహిపాల్ ఇంటి ముందటి షెడ్డును ఆనుకునే నా దుకాణం. కార్లకూ ఆటోలకూ సీటు కవర్లు కుట్టి బతుకుతాను. ఇంజను సంగతులు నాకు తెలియవు, బానెట్ ఎత్తితే అంతా పేగుల కుప్పలాగే కనిపిస్తుంది. కానీ ఏ సీటు ఎక్కడ నలిగిందో చూసి, ఆ బండిలో ఎవరు ఎట్లా కూర్చుంటారో చెప్పగలను. మహిపాల్ తెల్ల కారులో డ్రైవరు పక్క సీటు నలిగేది, అదీ డ్రైవరు వైపు అంచున. అక్కడ వాళ్ళవ్వ రాములవ్వ కొడుకు వైపు తిరిగి కూర్చునేది.

హోటల్ దగ్గర ఇప్పుడు జనం నవ్వుతున్నారు. "గల్ఫ్‌ల ఏసీ ఉస్తాదట, ఈడ సొంత బండి ఏసీ బాగు చేసుకోలేకపోయిండు" అని. అట్లా నవ్వేవాళ్ళ పళ్ళు రాలగొట్టాలని ఉంటుంది నాకు. నా వయసుకు అది కుదిరే పని కాదు కనుక కూర్చుని ఇది చెబుతున్నాను. చెప్పాక కూడా నవ్వేవాడు ఉంటే నవ్వనీ.

మా వైపు మగపిల్లలకు మీసం కంటే ముందు పాస్‌పోర్టు వస్తుంది. మహిపాల్‌కూ అంతే. తండ్రి బాలమల్లు కౌలుకు పొలం చేసేవాడు, తల్లి బీడీలు చుట్టేది. దూరపు కొండలు నునుపు అని పెద్దలు ఊరికే అనలేదు. కానీ దగ్గరి కొండ మీద గడ్డిపరక కూడా లేనప్పుడు మనిషి చూసేది దూరపు కొండ వైపే కదా. అట్లా షార్జా పోయాడు. కార్ల ఏసీలు చూసే గ్యారేజీలో పని. దాదాపు ఇరవై ఏళ్ళు అదే గ్యారేజీ, అదే పని.

ఆ పని ఏమిటో నాకు వాడే చెప్పాడు. "నగేశన్నా, ఆడ బండి వచ్చిందంటే సప్పుడు విన్నమా, కంప్రెసర్ విప్పినమా, కొత్తది ఎక్కిచ్చినమా, తాళం చేతుల పెట్టినమా, అంతే. బాగు చేసుడు అన్న మాటనే లేదు. పాతది నేల మీద కనవడితే మా మేనేజరు తిట్టేటోడు. విప్పింది విప్పినట్టే డబ్బాల పడాలె."

విప్పడంలో వాడిని మించినవాడు గ్యారేజీలో లేడట. కంటికి కనిపించని బోల్టును కూడా వేళ్ళతో తడిమి విప్పేవాడట. నేను నమ్మాను. ఆ వేళ్ళు తర్వాత నేనూ చూశాను.

బాలమల్లుకు కొడుకు పోవడం ఇష్టం లేదు. మొదటిసారి పోయినప్పుడు ఏమీ అనలేదు. సెలవుకు వచ్చి, నిరోషను పెళ్ళి చేసుకుని, ఆమెను ఇక్కడే వదిలి రెండోసారి పోతున్నప్పుడు మాత్రం బస్టాండులో నలుగురి ముందు అన్నాడు: "పోతే పో. నేను సచ్చిన్నాడు నీకోసం ఆగేది లేదు." ఆ తర్వాత ఇంట్లో ఫోన్ మోగితే లేచి బయటికి పోయేవాడు. కొడుకుతో మళ్ళీ మాట్లాడలేదు. ఒక వానాకాలం, తెల్లవారేటప్పుడు, ఇంట్లోనే చనిపోయాడు. నిరోష అప్పుడు సదాశివనగర్‌లో పుట్టింట్లో ఉంది. ఆయన పక్కన ఉన్నది రాములవ్వ ఒక్కతే. ఏడుపు విని మేము పోయేసరికి అంతా అయిపోయింది. మహిపాల్‌కు సెలవు దొరకలేదు. ఎవరో ఫోన్ పట్టుకుని చూపిస్తే తండ్రి చితిని అక్కడి నుంచే చూశాడు.

అప్పటి నుంచి వాడికి ఒకటే రంధి. పోయేటప్పుడు బాపు నన్ను పిలిచాడా, తిట్టాడా? ఆ జవాబు తెలిసిన మనిషి లోకంలో ఒక్కతే. ఫోన్లో అడిగితే రాములవ్వ, "ఫోన్ల సెప్పే ముచ్చట గాదు బిడ్డా. నువ్వు రా, ఎదురుంగ కూసుండవెట్టుకొని సెప్త" అనేది. వాడు షార్జా పని వదిలి వచ్చేశాడు. వచ్చేసరికి ఆమెకు చెప్పే ఊపిరి లేదు.

చిన్నప్పటి నుంచి చాట ముందు పెట్టుకుని తంబాకు దుమ్ములో కూర్చున్న మనిషి. బీడీ కాల్చేవాళ్ళకు వచ్చే దగ్గు బీడీ చేసేవాళ్ళకూ వస్తుంది. కాల్చేవాడికి కనీసం కాసేపు హాయి అయినా దక్కుతుంది, చేసేవాళ్ళకు అదీ లేదు. మూడు మాటలు మాట్లాడితే నాలుగో మాట దగ్గులో కలిసిపోయేది. ఇంట్లో నిరోష కూడా బీడీలే చేస్తుంది. ఆ గోడలకు, గోనెలకు, కప్పుకునే దుప్పటికి కూడా తంబాకు వాసన. నిరోషను చాట మానేయమని ఎవరు అంటారు? మానేస్తే పొయ్యి ఎట్లా వెలుగుతుంది? షెడ్డు చూస్తే ఎల్లారెడ్డిలో ఏసీ కార్లు ఎన్ని ఉన్నాయి కనుక! మహిపాల్ ట్రాక్టర్ల టైర్లకు పంచర్లు వేసేవాడు.

రాములవ్వను తరచుగా కామారెడ్డి దవాఖానకు తీసుకుపోవాలి. బస్సులో కిటికీ మూసినా దుమ్మే, తెరిచినా దుమ్మే. డాక్టరు ముందు కూర్చునేసరికి మనిషి సగం అయ్యేది. అది చూడలేక మహిపాల్ ఎక్కడో వెతికి ఒక పాత తెల్ల కారు కొన్నాడు. బండి ముసలిది, తలుపు వేస్తే ఇంకో తలుపు మోగేది, కానీ ఏసీ మాత్రం మంచుగడ్డే. సీట్లకు నేనే పచ్చ రెక్సిన్ కుట్టాను.

మొదటిసారి కామారెడ్డి పోయిననాడు నేను కూడా వెనక కూర్చున్నాను, రెక్సిన్ తెచ్చుకోవాలని. అద్దాలన్నీ ఎత్తి, ఏసీ వేశాడు. లింగంపేట దాటాక నాకు ఏదో తక్కువైనట్టు అనిపించింది. రాములవ్వ దగ్గడం లేదు. ఆమె ఒక పొడుగు శ్వాస తీసుకుంది. తీసుకుని, నమ్మకం కుదరక ఇంకోటి తీసుకుంది.

"ఏందిరా, నీ బండిల గాలి కడిగి పెట్టిండ్రా?" అంది.

ఒక్క దమ్ములో అన్ని మాటలు! మహిపాల్ బండి పక్కకు ఆపేస్తాడేమో అనుకున్నాను. ఆపలేదు కానీ, వెంటనే అడిగాడు. "అవ్వా, బాపు పోయేటప్పుడు ఏమన్నడే?"

"ఆగు. గట్ల నడుమల నుంచి సెప్పద్దు. నువ్వు పోయిన ఏటి నుంచి మొదలువెడ్త. ఒక్కొక్క ఏడు సెప్పుకుంట వస్త. మీ బాపు ఏడు వచ్చినప్పుడు మీ బాపు ముచ్చట."

ఇది మొండితనం కాదు, బీడీలు చేసే ఆడవాళ్ళ పద్ధతి. అరుగు మీద చాటలతో చుట్టూ కూర్చుంటారు, ఒకామె ముచ్చట ఎత్తుకుంటుంది. ఎత్తుకున్న ముచ్చట మొదటి నుంచి నడవాలి. మధ్యలో దూకితే మిగిలినవాళ్ళు ఒప్పుకోరు. బీడీలు తక్కువైన కట్టను కంపెనీవాడు విసిరేస్తాడే, అట్లా విసిరేస్తారు. రాములవ్వ బతుకంతా ఆ అరుగు మీదే గడిచింది. కొడుకు వచ్చి అడిగాడని ఆ పద్ధతి మార్చుకునే మనిషి కాదు.

ఆమెకు సంవత్సరాల అంకెలు తెలియవు. బోరు ఎండిన ఏడు. నిరోష చెయ్యి కాల్చుకున్న ఏడు. పక్కింటి భూమక్క గోడ మన వాకిట్లోకి కూలిన ఏడు. మహిపాల్ బిడ్డ పల్లవి, ఇప్పుడు దోమకొండలో కాపురం చేసుకుంటున్న పిల్ల, అరుగు పట్టుకుని మొదటి అడుగు వేసిన ఏడు. ఒక్కోసారి పోయి రావడంలో ఒక ఏడో, రెండేళ్ళో గడిచేవి. తను లేని ఇంటిని మహిపాల్ స్టీరింగు పట్టుకుని వినేవాడు. ఒక్కోచోట నవ్వేవాడు, ఒక్కోచోట ముక్కు చీదేవాడు. బండి నడిపే వేగం రోజురోజుకూ తగ్గింది. "ఎడ్లబండి నయం గదరా" అని నేను ఎక్కిరించేవాణ్ణి. ఇంటి ముందు బండి నిలబెట్టి ఏసీ వేస్తే పాత ఇంజను వేడెక్కి పొగలు కక్కేది. కదిలితేనే చల్లదనం. అందుకే పని లేకపోయినా బీర్కూర్ దాకా, బాన్సువాడ దాకా తిప్పుకొచ్చేవాడు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒకనాడు, కామారెడ్డి నుంచి తిరిగి వస్తూ ఆమె ఒక ఏడు ముగించింది. "ఇంగ వచ్చేపారి మీ బాపు ఏడు" అంది. అప్పుడే బండి ముందు నుంచి గరగరమని చప్పుడు మొదలైంది.

మరునాటికి ఆ గరగర ఏడుపైంది. రబ్బరు కాలిన వాసన వచ్చింది, షెడ్డు ముందుకు వచ్చేసరికి బెల్టు తెగింది. ఆ పాత బండిలో ఏసీకీ, ఇంజను చల్లబరిచే నీళ్ళ పంపుకూ ఒకటే బెల్టు. అది తెగితే బండి కదలదు. మహిపాల్ బానెట్ ఎత్తి, కంప్రెసర్ మీద బెల్టు తిరిగే చక్రాన్ని చేత్తో తిప్పబోయాడు. కదలలేదు. రెండు చేతులతో పట్టాడు. అయినా కదలలేదు.

"జామైంది. దీని పని అయిపోయింది."

"బాగు కాదా?" అన్నాను మిషను మీద నుంచే.

"కంప్రెసర్‌ను బాగు చేసుడు ఏందన్నా! విప్పుత, హైదరాబాద్‌ల ఇంకోటి తెస్త, ఎక్కిస్త. నాలుగు దినాలల్ల అవ్వకు ఏసీ."

కుట్టుపని ఆపి ఆనాడు నేను వాడి పనితనం చూశాను. ఊరికి వచ్చాక వాడిని అంత సంబరంగా ఎప్పుడూ చూడలేదు. పంచర్లు వేసే మనిషి కాడు, వేరే మనిషి. ముందు బ్యాటరీ తీగ తీశాడు. జాకీ ఎత్తి, కింద దిమ్మెలు పెట్టాడు. గుడ్డ చుట్టి పైపు మూతను కొంచెం వదులు చేస్తే గ్యాసు బుస్సుమని పోయింది, గుడ్డ మీద తెల్లగా మంచు కట్టింది. కొంచెం వదలడం, ఆగడం, మళ్ళీ వదలడం. అంతా పోయాక రెండు పైపులూ విప్పాడు, తీగ ఊడబీకాడు. తర్వాత బండి కిందికి దూరాడు. బోల్టులు ఒకదాని తర్వాత ఒకటి బయటికి వచ్చి గోనెపట్టా మీద వరుసగా కూర్చున్నాయి. ఒకటి తుప్పు పట్టి రానంది. దాని మీద డీజిల్ చుక్కలు వేసి, సుత్తితో చిన్నగా కొట్టి, బీడీ తాగేంతసేపు ఆగి, మళ్ళీ పట్టాడు. వచ్చింది. కంప్రెసర్‌ను పొట్ట మీదికి దించుకుని పాకుతూ బయటికి వచ్చాడు. ముఖమంతా నల్లనూనె, ఆ నూనెలో పళ్ళు తెల్లగా మెరిశాయి.

చిన్న బెల్టు ఒకటి వెతికి, కంప్రెసర్ లేకుండానే నీళ్ళ పంపు తిరిగేటట్టు వేశాడు. బండి స్టార్టయింది. చప్పుడు లేదు. ఆ సాయంత్రమే తండా నుంచి పాత సామాను ఏరుకునే దేవీసింగ్ ట్రాలీ ఆటోతో వస్తే, కంప్రెసర్ తీసి అందులో వేసేశాడు. విప్పింది విప్పినట్టే డబ్బాలో పడాలి కదా. షార్జా మేనేజరు ఇక్కడ లేడు, కానీ ఆయన చెప్పిన మాట వాడి చేతుల్లో ఉండిపోయింది.

రాములవ్వ లోపలి నుంచి అడిగింది, దగ్గుకూ దగ్గుకూ మధ్య. "ఏమైందిరా బండికి?"

"బాగైతది అవ్వా. నాలుగు దినాలు."

"సరే. ఆడిదాంక... ముడేసి పెట్టుకుంట... ముచ్చటను."

హైదరాబాద్‌లో దొరకలేదు. ఆ బండికి సామాను రావడం ఎప్పుడో ఆగిపోయిందన్నారు. పాతది ఒకటి చూపించారట, పెట్టి చూస్తే బిగించే చోటు కలవలేదు. వాడు నాలుగు దినాలన్నది నాలుగు వారాలయింది. ఈలోపు దవాఖాన తేదీ వచ్చింది. అద్దాలు దించుకుని పోయారు. వరికోతల కాలం. రోడ్డు సగం దాకా వడ్లు ఆరబోసి ఉన్నాయి, కోత మిషన్లు దుమ్ము ఎత్తిపోస్తున్నాయి, కోసిన పొలాల్లో గడ్డికి నిప్పు పెట్టారు. రాములవ్వ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని పోయింది, అట్లాగే వచ్చింది. మధ్యలో ఒక్క మాట లేదు. దిగాక అరుగు మీద చాలాసేపు కూర్చుండిపోయి, "ఏసీ బాగైనంకనే పోదాం తియ్యి" అంది. తర్వాత ఎంత బతిమాలినా బండి ఎక్కలేదు.

మహిపాల్ కామారెడ్డిలో దేవరాజ్ స్పేర్‌పార్టుల దుకాణం చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. దేవరాజ్ మంచివాడు, నాందేడ్ దాకా ఫోన్లు చేశాడు. ఒకనాడు నేను కూడా వాడి వెంట పోయాను. ఫోన్ పెట్టేసి దేవరాజ్ అడిగాడు.

"మహిపాలన్నా, పాతది ఉంటే తీసుకరారాదు. ఇంతకూ ఏమైంది దానికి?"

"చక్రం జామైంది."

"చక్రమా? దాని ముందటి ప్లేటు తిప్పి చూసినవా? ఇంజను నడుస్తుంటే చక్రం ఎప్పుడూ తిరుగుతనే ఉంటది. ఏసీ వేస్తేనే ప్లేటు దానికి అతుక్కొని లోపలిది తిరుగుతది. చక్రం వట్టుకుపోయి ప్లేటు తిరుగుతుందంటే, పోయింది చక్రంల ఉండే బేరింగే. కంప్రెసర్ బతికే ఉన్నట్టు. గా బేరింగు ఇదే బజార్ల దొరుకుతది."

ఆ ప్లేటు మీద వేలు పెట్టి తిప్పడానికి చిటికె వేసినంత సేపు పట్టదు. ఇరవై ఏళ్ళలో మహిపాల్‌కు ఆ అవసరం ఒక్కసారి కూడా రాలేదు. కొత్తది పెట్టెలో సిద్ధంగా ఉన్నచోట పాతది చచ్చిందా బతికిందా అని ఎవడు చూస్తాడు?

తిరుగు దారిలో వాడు బండి తోలిన తీరుకు నేను రెండు చేతులతో సీటు పట్టుకున్నాను. నేరుగా ఊరి బయట దేవీసింగ్ సామాను కుప్ప దగ్గర ఆపాడు. ఇంకా ఉంది, కానీ ఉండాల్సినట్టు లేదు. దాని అల్యూమినియం కోసం దేవీసింగ్ సుత్తితో పగలగొట్టాడు.

"నాకేమెర్కనే అన్నా. నువ్వే గదా ఏసినవ్ బండిల" అన్నాడు దేవీసింగ్. అతని తప్పేముంది?

వెనక భాగం చితికిపోయి ఉంది. లోపలి పిస్టన్లు నూనెతో తళతళ మెరుస్తున్నాయి, ఒక్క గీత లేదు. ముందటి ప్లేటు అట్లాగే ఉంది. మహిపాల్ దాని మీద వేలు పెట్టి తిప్పాడు. మెత్తగా తిరిగింది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ తిరిగింది. ఆ ఇనుము కుప్ప మీద ఎండలో కూర్చుని తిప్పుతూనే ఉన్నాడు.

"నాకు విప్పుడొక్కటే వచ్చు అన్నా" అన్నాడు. "ఇన్నేండ్లు పోయి విప్పుడు నేర్చుకున్న. అవ్వ ఊపిరిని నా చేతులతోనే విప్పి చెత్తల ఏసిన."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత. నోటిదాకా వచ్చింది, మింగేశాను. చేయి పట్టి లేపాను, అంతే. లేచాడు కానీ, ఆ రోజు నుంచి వాడు మళ్ళీ స్పానరు ముట్టుకోవడం నేను చూడలేదు.

ఇంట్లో కూడా ప్రయత్నం చేశాడు. ఒక మధ్యాహ్నం నిరోష చాటను, తంబాకు సంచిని భూమక్క ఇంట్లో పెట్టించి, ఇల్లంతా తడిగుడ్డతో తుడిచి, తలుపులు మూసి తల్లి ముందు కూర్చున్నాడు. నేను కూడా అక్కడే ఉన్నాను. రాములవ్వ గోడకు ఆనుకుని మొదలుపెట్టింది. "ఆ ఏడు... వాన..." అంతే, దగ్గు అందుకుంది. తగ్గేసరికి కళ్ళలో నీళ్ళు, పెదవులు నీలం.

మహిపాల్ ఆమె కాళ్ళు పట్టుకున్నాడు. "అంత సెప్పద్దవ్వా. ఒక్కటే మాట. బాపు నన్ను పిలిచిండా, తిట్టిండా? తలకాయ ఊపు, సాలు."

ఆమె తల ఊపలేదు. చెయ్యి అడ్డంగా ఊపింది. "రెండూ... గాదు బిడ్డా. గది... ఒక్క మాటల... వట్టదు." ఊపిరి కూడగట్టుకుని అంది, "బండిల సెప్త. కడిగిన గాలిల."

నాందేడ్‌లో ఒకటి ఉందని దేవరాజ్ ఫోన్ చేశాడు, వారంలో తెప్పిస్తానన్నాడు. మహిపాల్ ఆ మాట తల్లికి చెప్పాడు. "వారం గదా, ఉంట" అంది రాములవ్వ. కొడుకు అడిగింది చెప్పకుండా పోవాలని ఆమెకు మాత్రం ఉంటుందా? ఆమె నిజంగానే ఉండాలని చూసింది. ఆ రోజుల్లో నీళ్ళు కావాలన్నా చేయి చూపించేదే తప్ప నోరు తెరిచేది కాదు. మాటలన్నీ ఆ ఒక్క ముచ్చట కోసం దాచుకుంటోందని చూసేవాళ్ళకు తెలిసేది.

వారం నిండలేదు. ఒక మధ్యాహ్నం నిరోష కేక విని పరుగెత్తాను. రాములవ్వ గోళ్ళు నీలంగా ఉన్నాయి, ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. అంబులెన్సు వచ్చేదాకా ఆగే ధైర్యం ఎవరికీ లేదు. మహిపాల్ తాళం నా చేతిలో పెట్టాడు. నేను స్టీరింగు ముందు కూర్చున్నాను. వాడు తల్లిని ఎత్తుకుని వెనక కూర్చుని తల ఒళ్ళో పెట్టుకున్నాడు. నిరోష బట్టల సంచి తీసుకుని ఎవరిదో మోటారుసైకిలు మీద వెనక వస్తానంది.

ఊరు దాటగానే రెండు వైపులా కాలుతున్న గడ్డి. పొగ రోడ్డును కప్పేసింది. అద్దాలన్నీ ఎత్తేశాను. లోపల పొయ్యి మీద కూర్చున్నట్టుంది.

అద్దాలు పైకి పోవడం రాములవ్వ చూసింది. ఎన్నో వారాల తర్వాత ఆమె మూసిన అద్దాల మధ్య కూర్చుంది. కొడుకు ముఖంలోకి చూసింది.

"బాగైందా?"

అద్దంలో మహిపాల్ కళ్ళు నాకు కనిపించాయి. ఏమనాలో నన్ను అడుగుతున్నట్టున్నాయి. నేను రోడ్డు వైపు చూశాను.

"అయింది అవ్వా" అన్నాడు.

ఆ ముఖం విప్పారింది. అంత బాధలోనూ విప్పారింది. "పెట్టుమను... మీ బాపు ముచ్చట... సెప్త."

నేను ఏసీ బటను నొక్కాను. దాని మీద చిన్న నీలిదీపం వెలిగింది. విప్పినవాడు కంప్రెసర్ విప్పాడు కానీ, బటనూ దీపమూ ఫ్యానూ ఎక్కడివి అక్కడే ఉన్నాయి. ఫ్యాను గాలి జోరుగా ముఖానికి కొట్టింది, నిప్పుల మీది గాలి. రాములవ్వ అరచేయి గాల్లోకి తెరిచి పట్టుకుంది.

"ఇంగ... సల్లగ కాలే."

"అయితదవ్వా. ఎండల నిలవడ్డ బండి గదా. జర ఆగు."

ఆమె తల ఊపింది. నోరు మూసుకుంది. చల్లబడేదాకా ఊపిరి ఖర్చు చేయకూడదనుకుంది. అరచేయి మాత్రం దించలేదు. మహిపాల్ వంగి ఆ అరచేతి మీద నోటితో ఊదడం మొదలుపెట్టాడు. వాడి చెమట ఆమె ముఖం మీద పడుతోంది, తుడుస్తున్నాడు, మళ్ళీ ఊదుతున్నాడు. నా వల్ల అయినంత వేగంగా తోలాను. రోడ్డు మీద ఆరబోసిన వడ్లు టైర్ల కింద పటపటమని పేలాయి, ఎవరో తిట్టారు. లింగంపేట దాటాము.

"సల్లగైంది" అంది రాములవ్వ.

మా ఇద్దరి చొక్కాలు చెమటకు ఒంటికి అతుక్కుపోయి ఉన్నాయి. ఆమె గొంతులో ఆయాసం లేదు. మొదటిరోజు ఇదే దారిలో మాట్లాడినట్టు తేటగా ఉంది ఆ గొంతు. మొదటి నుంచే ఎత్తుకుంది, అరుగు మీది పద్ధతిలోనే.

"ఆ ఏడు వానలు మస్తు వడ్డయి బిడ్డా. మన పెరట్ల గోడ నానింది. మీ బాపు..."

బండి మోత తప్ప ఇంకేమీ వినిపించలేదు. మహిపాల్ వంగి చెవిని ఆమె పెదవులకు ఆనించాడు. నేను అద్దంలోకి ఒక్కసారి చూసి, మళ్ళీ చూడలేకపోయాను. ఆమె చెయ్యి సీటు కిందికి జారిపోయి ఉంది. నేను చెప్పలేదు. వాడూ అడగలేదు. కామారెడ్డి దాకా మహిపాల్ ఆమె నోటి దగ్గర నుంచి చెవి తీయలేదు.